యంత్రం రాకముందు జరిగిన పని
(బ్యాంకుల కంప్యూటరీకరణ – ఒక చారిత్రక పరిశీలన)

మన పిల్లలు, మనవలు అప్పుడప్పుడు ఒక ప్రశ్న అడుగుతుంటారు. "బ్యాంకుల్లోకి కంప్యూటర్లు రాకుండా మీ సంఘాలే అడ్డుపడ్డాయట కదా?" అని. ఎప్పుడో రావలసిన సౌకర్యాన్ని మనం మొండిగా ఆపేశామని వారి అభిప్రాయం. ఈ ప్రశ్నకు మనం కోపగించుకోవలసిన పని లేదు. అందులో కొంత నిజం ఉంది. కంప్యూటర్లకు వ్యతిరేకంగా మనం బ్యాడ్జీలు పెట్టుకున్న మాట, నినాదాలు ఇచ్చిన మాట వాస్తవమే. అయితే ఆ కథలో రెండో సగం వారికి ఎవరూ చెప్పలేదు. 1983 నుండి 1993 వరకు గడచిన పదేళ్లు వృథాగా పోయిన కాలం కాదు. ఒక పెద్ద వ్యవస్థ తన మనుషులను, తన పుస్తకాలను కొత్త యంత్రానికి సిద్ధం చేసుకున్న కాలమది. ఆ సంగతి మన ప్రత్యేక సంచికలో నమోదు కావాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

పుస్తకాల రోజులు

ముందుగా మన కుటుంబ సభ్యుల కోసం ఆనాటి శాఖ ఎలా నడిచేదో రెండు మాటలు చెప్పాలి. ఖాతాదారు చెక్కు ఇస్తే కౌంటరు గుమాస్తా ఇత్తడి టోకెను ఇచ్చేవాడు. చెక్కు లెడ్జరు దగ్గరకు వెళ్లేది. లెడ్జరు గుమాస్తా ఆ ఖాతా పేజీ తీసి, నిలువ చూసి, మొత్తం రాసి, కొత్త నిలువ తేల్చి, చిన్న సంతకం పెట్టేవాడు. తర్వాత ఆఫీసరు స్పెసిమెన్ కార్డుతో సంతకం పోల్చి పాస్ చేసేవారు. అక్కడి నుండి క్యాషియరు దగ్గరకు వెళ్తే, స్క్రోలులో రాసుకుని, టోకెను నంబరు పిలిచి డబ్బు ఇచ్చేవారు. ఒక చెక్కు ముగ్గురు నలుగురి చేతులు మారితే గాని సొమ్ము చేతికి వచ్చేది కాదు. ఎవరూ అలసత్వం చేయకపోయినా అంత సమయం పట్టేది.

సాయంత్రం అసలు పని మొదలయ్యేది. వోచర్లు విడదీయాలి, సప్లిమెంటరీలు రాయాలి, డే బుక్ కట్టాలి, జనరల్ లెడ్జరు పోస్టు చేయాలి. ఇక నెలకో, మూడు నెలలకో బ్యాలెన్సింగు. లెడ్జరులోని ప్రతి ఖాతా నిలువను ఒక పుస్తకంలో ఎక్కించి, కూడి, జనరల్ లెడ్జరు మొత్తంతో సరిచూడాలి. తేడా వస్తే వెతకాలి. తేడా 9తో భాగింపబడితే అంకెలు తారుమారయ్యాయని అనుమానించేవాళ్లం. 540కి బదులు 450 రాస్తే 90 తేడా వస్తుంది కదా! తేడాలో సగం మొత్తం ఎక్కడైనా కనబడితే, జమ బదులు ఖర్చు వైపు రాశారేమోనని చూసేవాళ్లం. ఇవి ఏ పాఠ్యపుస్తకంలోనూ చదువుకున్నవి కావు. పెద్ద గుమాస్తాలు చిన్న గుమాస్తాలకు నేర్పినవి.

సేవింగ్స్ వడ్డీ లెక్క మరో యజ్ఞం. ప్రతి నెల 10వ తేదీ నుండి నెలాఖరు వరకు ఖాతాలో ఉన్న కనిష్ఠ నిలువ మీద వడ్డీ కట్టేవారు. రోజువారీ నిలువ మీద కడితే ఖాతాదారుకు లాభమని అందరికీ తెలుసు. కాని వేలాది ఖాతాలకు రోజూ చేత్తో లెక్క వేయడం జరిగే పని కాదు. ఆ రోజువారీ పద్ధతి 2010 ఏప్రిల్ 1 నుండి గాని అమలులోకి రాలేదు. నియమం మార్చినది రిజర్వు బ్యాంకు అయినా, ఆ మార్పును సాధ్యం చేసింది మాత్రం కంప్యూటరే.

భారం పెరిగిన తీరు

1969 జులై 19న 14 బ్యాంకులు జాతీయం అయ్యాయి. 1980 ఏప్రిల్ 15న మరో ఆరు బ్యాంకులు జాతీయం అయ్యాయి. 1923లో మచిలీపట్నంలో డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు ఈ రెండో విడతలో ఉంది. 1969లో దేశం మొత్తం మీద వాణిజ్య బ్యాంకు శాఖలు 8,262. 1991 నాటికి అవి 60,000 దాటాయి. అంతకుముందు బ్యాంకు మెట్లెక్కని రైతు, చేనేత కార్మికుడు, చిన్న దుకాణదారు ఖాతాదారులయ్యారు. వోచర్లు పెరిగాయి, పుస్తకాలు పెరిగాయి, బకాయి పడిన బ్యాలెన్సింగులు కూడా పెరిగాయి.

అన్నింటికన్నా పెద్ద చిక్కు శాఖల మధ్య లెక్కలది. గుంటూరు శాఖ రాసిన డ్రాఫ్టును వరంగల్ శాఖ చెల్లిస్తుంది. ఆ రెండు వోచర్లు ప్రధాన కార్యాలయంలో ఒకచోట చేరి కలవాలి. కలవకపోతే అది పెండింగు పద్దు. శాఖలు పెరిగేకొద్దీ ఈ పెండింగు పద్దులు లక్షల్లోకి చేరాయి. కలవని పద్దుల చాటున మోసం దాగి ఉన్నా బయటపడేది కాదు. కాబట్టి ఏదో ఒక యంత్ర సహాయం కావాలన్న మాటను కాదనలేని పరిస్థితి 1980ల నాటికే ఏర్పడింది.

భయం ఎందుకు?

మరి ఉద్యోగులు ఎందుకు వ్యతిరేకించారు? దీనికి నేపథ్యం 1960లలో ఉంది. ఆ దశకం మధ్యలో జీవిత బీమా సంస్థ కలకత్తాలో కంప్యూటరు పెట్టబోతే, ఇలాకో హౌస్ అనే భవనం ముందు ఉద్యోగులు కాపలా కాసి అడ్డుకున్నారు. ఆ పోరాటం దేశంలోని గుమాస్తాలందరికీ ఒక గుర్తుగా మిగిలింది. కేంద్ర ప్రభుత్వం యాంత్రీకరణపై దండేకర్ గారి అధ్యక్షతన ఒక కమిటీ వేసి పరిశీలింపజేసింది. నిరుద్యోగం విపరీతంగా ఉన్న దేశంలో, ఇంటికి ఒక్క ఉద్యోగి సంపాదన మీద ఆరేడుగురు బ్రతికే రోజుల్లో, "ఒక యంత్రం పదిమంది పని చేస్తుంది" అన్న ప్రకటన వింటే ఎవరికైనా దడ పుడుతుంది. ఆ పదిమందిలో తొమ్మిదిమంది ఏమవుతారన్న ప్రశ్నకు యంత్రం అమ్మేవారి దగ్గర సమాధానం లేదు.

సమాధానం చెప్పవలసినది యాజమాన్యం. దానిని కాగితం మీద రాయించవలసినది సంఘం. ఈ విషయం అర్థమైతే తర్వాతి చరిత్ర సులభంగా అర్థమవుతుంది.

1983: మొదటి సంతకం

1966లో తొలి ద్వైపాక్షిక ఒప్పందం జరిగినప్పటి నుండి బ్యాంకు ఉద్యోగుల జీతభత్యాలు, సర్వీసు షరతులు ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్‌కు, ఉద్యోగ సంఘాలకు మధ్య చర్చల ద్వారా తేలుతూ వచ్చాయి. యంత్రాల సంగతి కూడా అదే బల్ల మీదకు వచ్చింది. 1983 సెప్టెంబరులో యాంత్రీకరణపై ఒప్పందం కుదిరింది. ఆ సంతకంతో ఏకీభవించని సంఘాలూ ఉన్నాయి. వారి వాదనను తక్కువ చేసి చూడడం న్యాయం కాదు. కొత్త ఉద్యోగాల గేటు మూసుకుపోతుందని వారు అప్పుడే హెచ్చరించారు. ఆ హెచ్చరిక ఎంతవరకు నిజమైందో ముందు ముందు చూద్దాం.

దాదాపు అదే సమయంలో రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరు డాక్టర్ సి. రంగరాజన్ గారి అధ్యక్షతన ఒక కమిటీ ఏర్పడి 1984లో నివేదిక ఇచ్చింది. ఆ కమిటీ శాఖ, ప్రాంతీయ కార్యాలయం, ప్రధాన కార్యాలయం అనే మూడు అంచెల్లో ఎక్కడ ఏ యంత్రం కావాలో విడివిడిగా చూపింది. ఆయన అధ్యక్షతనే మరో కమిటీ 1989లో రెండో నివేదిక ఇచ్చింది. ఈ రెండు నివేదికల మధ్య, 1987లో, సంఘాలతో మరో ఒప్పందం జరిగింది. గమనించవలసినది ఈ వరుసే. నివేదిక ఎంత దూరం వెళ్లమంటే అంత దూరం ఒకేసారి వెళ్లలేదు. యంత్రాలు ఎన్ని పెట్టాలి, ఎక్కడ పెట్టాలి, వాటి మీద ఎవరు పనిచేయాలి, వారికి ప్రత్యేక అలవెన్సు ఎంత ఇవ్వాలి అన్నవి ఒక్కొక్కటిగా చర్చకు వచ్చాయి. యంత్రం మీద కూర్చునే అవకాశం శాఖలో ఉన్న గుమాస్తాలకే దక్కింది. బయటివారిని తెచ్చి మన పక్కన కూర్చోబెట్టి ఉంటే, లెడ్జరు గురించి వారికి తెలియదు, యంత్రం గురించి మనకు తెలియదు, పని ముందుకు సాగేది కాదు.

లెడ్జరు పోస్టింగు యంత్రం

అలా శాఖల్లోకి మొదట వచ్చింది అడ్వాన్స్‌డ్ లెడ్జర్ పోస్టింగ్ మెషీన్. మనందరి నోట అది 'ఏ.ఎల్.పి.ఎం.' దాని కోసం ఒక చల్లని గది, తలుపుకు "చెప్పులు బయట విడవవలెను" అన్న కాగితం. చాలా శాఖల్లో ఏ.సి. మొదట వచ్చింది మేనేజరు గదికి కాదు, ఆ యంత్రం గదికి!

దాని శక్తి పరిమితం. ఒక్కో యంత్రం దానికి అప్పగించిన లెడ్జర్లను మాత్రమే చూసుకునేది. పక్కనున్న యంత్రంలో ఏముందో దానికి తెలియదు. ఒకదాని నుండి మరొకదానికి లెక్క వెళ్లాలంటే ఫ్లాపీ పట్టుకుని మనిషి నడవాలి. నేటి పిల్లలకు ఇది హాస్యంగా ఉండవచ్చు. కాని ఆ చిన్న యంత్రం దగ్గరే వేలాదిమంది గుమాస్తాలు భయం పోగొట్టుకున్నారు. పోస్టింగు చేస్తే నిలువ దానంతట అదే తేలుతుందని, వడ్డీ తప్పు రాదని, బ్యాలెన్సింగుకు నెలల తరబడి కూర్చోనక్కర లేదని చేతి అనుభవంతో తెలుసుకున్నారు. వ్యతిరేకత తగ్గడంలో ఈ అనుభవానిదీ పెద్ద పాత్రే.

అందరికీ ఒకే గుర్తు

శాఖలో జరిగిన మార్పు ఒక ఎత్తు, బ్యాంకుల మధ్య జరిగినది మరో ఎత్తు. క్లియరింగు హౌసులో అన్ని బ్యాంకుల గుమాస్తాలు కలిసి చెక్కులు పంచుకునే పద్ధతి మనకు గుర్తే. మహానగరాల్లో చెక్కుల సంఖ్య మనుషులు పంచుకోలేనంత అయింది. యంత్రం వాటిని విడదీయాలంటే దానికి చదవగలిగే గుర్తు ఉండాలి. ఆ గుర్తు అన్ని బ్యాంకులకూ ఒకటే కావాలి. చెక్కు కొలత, కాగితం, సిరా, అంకెలు రాసే చోటు ఒకటే కావాలి. ఎవరి చెక్కు వారికి అందంగా ఉండే కాలం అంతటితో ముగిసింది.

అయస్కాంత సిరాతో ముద్రించే ఎం.ఐ.సి.ఆర్. పద్ధతి 1986లో బొంబాయిలో మొదలై, తర్వాత మద్రాసు, ఢిల్లీ, కలకత్తాలకు వచ్చింది. చెక్కు కింది భాగంలో ఉండే తొమ్మిది అంకెలు ఆ ఉమ్మడి నిర్ణయం ఫలితమే. మొదటి మూడు ఊరు, తర్వాతి మూడు బ్యాంకు, చివరి మూడు శాఖ. ఊరికి కొత్త నంబర్లు కనిపెట్టకుండా పోస్టాఫీసు పిన్ కోడులోని మొదటి మూడంకెలే తీసుకున్నారు. అందుకే హైదరాబాదు చెక్కులన్నీ 500తో మొదలవుతాయి. పోటీపడే సంస్థలు ఒక సాంకేతిక పనిని కలిసి చేయాలంటే ముందు కలిసి వాడే భాష ఉండాలి. మన బ్యాంకులకు ఆ భాష ఈ తొమ్మిది అంకెలతో మొదలైంది.

1992 దెబ్బ, 1993 ఒప్పందం

1992 ఏప్రిల్‌లో సెక్యూరిటీల కుంభకోణం బయటపడింది. ప్రభుత్వ సెక్యూరిటీల క్రయవిక్రయాలు చేతిరాత పుస్తకాల మీద, బ్యాంకర్స్ రసీదుల మీద నడిచేవి. లెక్క కలవడానికి పట్టే ఆలస్యం మోసగాళ్లకు ఆసరా అయింది. జానకీరామన్ కమిటీ తేల్చిన గండి 4,000 కోట్ల రూపాయల పైమాటే. చేతిరాత పుస్తకం నిదానమే గాని నమ్మకమైనదన్న మన పాత ధైర్యం ఆ దెబ్బతో సడలింది.

1993 అక్టోబరులో కంప్యూటరీకరణపై సంఘాలకు, ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్‌కు మధ్య కుదిరిన ఒప్పందం గొప్ప మలుపు అయింది. శాఖల పూర్తి కంప్యూటరీకరణకు, బ్యాంకుల మధ్య సమాచార వ్యవస్థకు దారి తెరచుకున్నది దానితోనే. మనకు మరో కారణంగా కూడా ఆ నెల గుర్తుండాలి. అదే అక్టోబరులో, 29వ తేదీన, పెన్షన్ ఒప్పందం జరిగింది. అప్పటివరకు జాతీయ బ్యాంకుల్లో చాలామందికి రిటైరయ్యేనాడు ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ చేతిలో పెట్టి నమస్కారం చెప్పడమే ఉండేది. యాజమాన్యం వాటా ప్రావిడెంటు ఫండును వదులుకుని పెన్షన్ తీసుకునే పద్ధతి ఈ ఒప్పందంతో వచ్చింది. 1995లో నిబంధనలు వెలువడ్డాయి. 1986 జనవరి 1 తర్వాత రిటైరైనవారికి కూడా ఆప్షన్ ఇచ్చే అవకాశం కలిగింది.

ఈ రెండు ఒప్పందాలు ఒకే నెలలో రావడాన్ని ఎవరికి తోచినట్టు వారు అర్థం చేసుకోవచ్చు. ఒక్క మాట మాత్రం నిస్సందేహంగా చెప్పవచ్చు. యంత్రం వైపు అడుగు వేయమని అడిగిన వేళలోనే ఉద్యోగి వృద్ధాప్యానికి ఒక భరోసా కాగితం మీదకు వచ్చింది. భరోసా ఉన్న మనిషి మార్పును చూసే తీరు వేరుగా ఉంటుంది. ఈ సంచిక చదువుతున్న మనలో చాలామంది నెలనెలా అందుకుంటున్నది ఆ నాటి సంతకపు ఫలితమే.

పుస్తకాలు కలపడం

ఒప్పందం కుదిరినంత మాత్రాన శాఖ కంప్యూటరులోకి వెళ్లదు. వెళ్లే ముందు పుస్తకాలు కలవాలి. ఇదే అందరికన్నా తక్కువ గుర్తింపు పొందిన పని. ఏళ్ల తరబడి తేడాతో ఉన్న లెడ్జరును అలాగే యంత్రంలో ఎక్కిస్తే, ఆ తేడా కూడా శాశ్వతంగా ఎక్కుతుంది. అందుకని శాఖను కంప్యూటరీకరించడానికి ముందు బకాయి పడిన బ్యాలెన్సింగులన్నీ పూర్తి చేయవలసి వచ్చింది. పాత పేజీలు తిరగేసి, సెలవు రోజుల్లో కూర్చుని, పాత వోచర్ల కట్టలు విప్పి, తేడా రాబట్టిన మిత్రులు ప్రతి శాఖలోనూ ఉన్నారు.

తర్వాత ఖాతాల వివరాలు. ఖాతా ఒకరి పేరున ఉందా, ఇద్దరిలో ఎవరైనా లేదా బ్రతికి ఉన్నవారు నడపవచ్చునా, నామినేషను ఉందా, చెల్లింపు ఆపమన్న చెక్కులున్నాయా, ప్రతి నెలా రికరింగు డిపాజిట్‌కు మళ్లించమన్న సూచన ఉందా అన్నవన్నీ లెడ్జరు పేజీ పైన ఎర్ర సిరాతోనో, పెన్సిలుతోనో రాసి ఉండేవి. కొన్ని అసలు రాసి ఉండేవి కావు, పాత గుమాస్తా తలలో ఉండేవి. మన ప్రాంతంలో ఇంకో చిక్కు పేర్లది. ఒకే శాఖలో వెంకటేశ్వరరావులు పాతికమంది ఉంటారు. ఆ పేరును ఇంగ్లీషులో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరోచోట పూర్తిగా ఉంటుంది. సంతకం తెలుగులో, ఖాతా ఇంగ్లీషులో. వేలిముద్ర ఖాతాలు వేరే. మనిషి ముఖం చూసి గుర్తుపట్టే గుమాస్తాకు ఇది సమస్య కాదు. యంత్రానికి సమస్యే. కాబట్టి గుమాస్తా తలలో ఉన్నదంతా యంత్రంలోకి దింపవలసి వచ్చింది. ఆ పని ఏ కంపెనీ ఇంజనీరూ చేయలేడు.

కొంతకాలం రెండు పద్ధతులూ పక్కపక్కనే నడిపారు. పగలు చేతి లెడ్జరు, అదే వోచరు మళ్లీ కంప్యూటరులో. సాయంత్రం రెండు మొత్తాలూ కలిస్తేనే ఇంటికి. కలవడం స్థిరపడిన తర్వాతే లెడ్జరు మూసేవారు. పని రెట్టింపైన ఆ వారాలను అనుభవించినవారికి వర్ణించి చెప్పనక్కరలేదు.

1999 చివర 'వై టు కె' సమస్య వచ్చింది. సంవత్సరాన్ని రెండంకెలతో రాసుకున్న ప్రోగ్రాములు 2000 సంవత్సరాన్ని 1900గా భావించే ప్రమాదం ఉంది. వడ్డీ లెక్క మొత్తం తేదీల మీదే నడిచే బ్యాంకులకు ఇది చిన్న విషయం కాదు. రిజర్వు బ్యాంకు పర్యవేక్షణలో ముందుగానే పరీక్షలు జరిపారు. 2000 జనవరి 1 ప్రశాంతంగా గడిచింది. ఏమీ జరగలేదు గనుక దానిని ఉత్త హడావుడి అన్నవారున్నారు. ఏమీ జరగకుండా చూడడమే ఆ పని లక్ష్యం.

హైదరాబాదు పాత్ర

ఒక్కో శాఖ లోపల లెక్క కలిసింది. ఇక శాఖలు, బ్యాంకులు ఒకదానితో ఒకటి మాట్లాడాలి. డబ్ల్యు. ఎస్. సరాఫ్ గారి అధ్యక్షతన రిజర్వు బ్యాంకు నియమించిన కమిటీ 1994లో ఎలక్ట్రానిక్ బదిలీల గురించి సిఫార్సులు చేసింది. బ్యాంకింగు సాంకేతికతకు ప్రత్యేక సంస్థ కావాలన్న ఆలోచన ఫలించి, 1996లో హైదరాబాదు మాసాబ్ ట్యాంకులోని కాజిల్ హిల్స్‌లో ఐ.డి.ఆర్.బి.టి. వెలసింది. అప్పుడు రిజర్వు బ్యాంకు గవర్నరు రంగరాజన్ గారే. 1997 నవంబరులో ఆయన మన రాష్ట్రానికి గవర్నరుగా వచ్చి 2003 జనవరి వరకు ఉండడం ఒక చక్కని యాదృచ్ఛికం.

1999 జూన్‌లో ఈ సంస్థ 'ఇన్ఫినెట్' అనే ఉమ్మడి వ్యవస్థను ప్రారంభించింది. ఉపగ్రహం ద్వారా, డాబాల మీద పెట్టిన గొడుగుల ద్వారా బ్యాంకులు సందేశాలు పంపుకోగలిగాయి. దాని కేంద్రం హైదరాబాదే. ఏ బ్యాంకుకు ఆ బ్యాంకు సొంత వ్యవస్థ కట్టుకోకుండా, అందరూ ఒకటే వాడుకోవడం దీని విశేషం. తర్వాత సందేశం రాసే పద్ధతిని కూడా ఒకే నమూనాకు తెచ్చారు. ప్రతి శాఖకు పదకొండు అక్షరాల ఐ.ఎఫ్.ఎస్. కోడు వచ్చింది. మొదటి నాలుగు బ్యాంకు, అయిదవది సున్న, చివరి ఆరు శాఖ. 2004 ఆగస్టులో వివిధ బ్యాంకుల ఏ.టి.ఎం.లను కలిపే నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్ కూడా ఈ సంస్థ నుండే మొదలైంది. 2009 చివర దానిని నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్‌కు అప్పగించారు.

పెద్ద మొత్తాలు అప్పటికప్పుడు బదిలీ అయ్యే ఆర్.టి.జి.ఎస్. 2004 మార్చిలో, నెఫ్ట్ 2005 నవంబరులో వచ్చాయి. అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నరు మన తెలుగువారు డాక్టర్ వై. వి. రెడ్డి గారు. నేడు మనవడు బెంగుళూరు నుండి ఫోనులో పంపే సొమ్ము క్షణంలో చేరుతున్నదంటే, ఆ దారికి మొదటి రాళ్లు పరచినది ఈ కాలంలోనే.

శాఖ ఖాతాదారు, బ్యాంకు ఖాతాదారు అయ్యాడు

1990ల చివర కేంద్ర విజిలెన్సు కమిషనరుగా ఉన్న ఎన్. విఠల్ గారు, ప్రభుత్వ రంగ బ్యాంకులు 2001 జనవరి 1 నాటికి తమ వ్యాపారంలో 70 శాతం కంప్యూటరు పరిధిలోకి తేవాలని గడువు పెట్టారు. మోసాల నివారణకు అది అవసరమని ఆయన ఉద్దేశం. ఆ తర్వాత వచ్చినది కోర్ బ్యాంకింగ్. అప్పటివరకు ఖాతా శాఖ సొంతం. తెనాలి ఖాతా తెనాలిలోనే. కోర్ బ్యాంకింగులో లెక్కలన్నీ ఒక కేంద్రంలో ఉంటాయి, శాఖ ఒక ద్వారం మాత్రమే. శాఖల మధ్య పెండింగు పద్దుల బెడద చాలావరకు దీనితో తీరింది. స్టేట్ బ్యాంకు వంటి మహాసంస్థ కూడా 2008 నాటికి తన శాఖలన్నిటినీ ఈ పద్ధతిలోకి తేగలిగింది. ఇంత వేగం ఎలా సాధ్యమైంది? పుస్తకాలు అప్పటికే కలిసి ఉన్నాయి, వివరాలు అప్పటికే ఎక్కి ఉన్నాయి, సిబ్బందికి కీబోర్డు అప్పటికే అలవాటు. 1980లలో కష్టపడి వేసిన పునాది మీద 2000 తర్వాత గోడలు త్వరగా లేచాయి.

చెల్లించిన మూల్యం

అంతా మంచే జరిగిందని చెబితే అది చరిత్ర కాదు. ఉన్నవారి ఉద్యోగాలు నిలిచాయి. రావలసినవారి ఉద్యోగాలు మాత్రం చాలాకాలం రాలేదు. 1990లలో గుమాస్తాల నియామకాలు ఏళ్ల తరబడి దాదాపు స్తంభించాయి. 2000-01లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం కింద ప్రభుత్వ రంగ బ్యాంకుల నుండి సుమారు లక్ష మంది వెళ్లిపోయారు. నలభై ఏళ్ల వయసు లేదా పదిహేనేళ్ల సర్వీసు ఉంటే చాలన్నారు. 1983 సంతకంతో ఏకీభవించని మిత్రుల హెచ్చరిక ఈ విషయంలో చాలావరకు నిజమైంది. వెళ్లినవారితో పాటు వారి తలలో ఉన్న అనుభవమూ వెళ్లింది. తర్వాత చేరిన యువకులకు లెడ్జరు ఎలా ఉంటుందో తెలియదు. తెర మీద అంకె ఎందుకు అలా వచ్చిందో చెప్పగలవారు శాఖలో తగ్గిపోయారు.

మన బ్యాంకుల పేర్లు కూడా కొన్ని పోయాయి. 1941లో మొదలైన స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంకులో, ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనం అయ్యాయి. ఇన్ని ఖాతాలను ఒక బ్యాంకు కేంద్రం నుండి మరో బ్యాంకు కేంద్రానికి మార్చగలగడం కూడా కంప్యూటరు ఇచ్చిన శక్తే. బోర్డు మారినప్పుడు మనలో కలిగిన బాధను ఏ యంత్రమూ లెక్కించలేదు.

నేటి మాట

పిల్లల ప్రశ్నకు ఇప్పుడు సమాధానం చెప్పుకోవచ్చు. అడ్డుపడిన మాట నిజం. అలా ఆగిన కాలంలో మనం అడిగినవి మూడు: ఉద్యోగానికి భరోసా, నేర్చుకోవడానికి శిక్షణ, అలవాటు పడడానికి గడువు. ఆ మూడూ కాగితం మీదకు వచ్చాక పని చేసి చూపించినవారూ మనమే. కాబట్టి ఆలస్యం చేసింది ఉద్యోగులు అన్న ఒక్క వాక్యంతో ఈ చరిత్ర ముగియదు.

ఈ మూడింటి అవసరం నేడు మరొకరికి వచ్చింది. ఆనాడు మార్పు కౌంటరుకు లోపలి వైపు జరిగింది. ఇప్పుడు కౌంటరుకు బయటి వైపు జరుగుతున్నది. ఖాతాదారే తన లెడ్జరు గుమాస్తా, తానే క్యాషియరు. 2014 నవంబరులో వచ్చిన 'జీవన్ ప్రమాణ్'తో పెన్షనరు ఇంటి నుండే లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వవచ్చు. అది మేలే. కాని వేలిముద్రలు అరిగిపోయిన పెద్దవారు, చూపు తగ్గినవారు, భర్త పోయిన తర్వాత మొదటిసారి బ్యాంకు పని చూసుకుంటున్న ఫ్యామిలీ పెన్షనర్లు ఎంతమందో మన సంఘంలోనే ఉన్నారు. వారికి శిక్షణ ఎవరు ఇచ్చారు? గడువు ఎవరు ఇచ్చారు? ఫోనులో ఓ.టి.పి. అడిగి మోసం చేసేవాడు వారి దగ్గరకు మనకన్నా ముందే చేరుతున్నాడు.

మన సంఘం చేయగల పని ఇక్కడ ఉంది. యంత్రాన్ని తిట్టడం వల్ల గాని, మెచ్చుకోవడం వల్ల గాని వారికి ఉపకారం లేదు. లెడ్జరు బ్యాలెన్సింగు పెద్ద గుమాస్తా దగ్గర కూర్చుని నేర్చుకున్నట్టే, ఫోనులో బ్యాంకు పని తెలిసిన సభ్యులు తెలియని సభ్యుల పక్కన కూర్చుని నేర్పాలి. నెలకు ఒక పూట సంఘ కార్యాలయంలో ఇందుకు కేటాయిస్తే చాలు. పిల్లలు కూడా వచ్చి సాయపడితే మరీ సంతోషం. వారికి ఈ చరిత్ర చెప్పడానికి అదే మంచి సందర్భం.